రెండు ముక్కులు, ఒక వేలు

మా బావకి ఇద్దరు దేవుళ్ళు. ఒకాయన తిరుమల కొండమీద ఉంటాడు. రెండో ఆయన జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్ళో పుట్టాడు, పేరు లైకా. మొదటాయన హుండీలో ఎంత వేసినా పుచ్చుకుంటాడు గనక బావ ఇండియా వచ్చినప్పుడల్లా మొక్కు తీర్చేస్తాడు. రెండో ఆయన దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆ మొక్కు చాలా ఏళ్ళుగా బాకీ.

2006 సెప్టెంబరులో నేను ఆఫీసు పనిమీద డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్నాను. అక్కా బావా ఉండేది అక్కడికి అరగంట దూరంలో, కొలోన్‌లో. ఒకరోజు రాత్రి పదకొండింటికి బావ ఫోను.

"ఒరేయ్, వచ్చేసిందిరా!"

అప్పటికి అక్కకి ఎనిమిదో నెల. నా గుండె గుభేలుమంది. "ఏ హాస్పిటల్ బావా? డాక్టరేమన్నారు?"

"హాస్పిటలేంట్రా! ఎం8! లైకా ఎం8! డిజిటల్!"

వెనకనించి అక్క ఫోను లాక్కుంది. కొలోన్‌లో ఫోటోకినా జరుగుతోందట, అప్పట్లో రెండేళ్ళకోసారి వచ్చే కెమెరాల తిరునాళ్ళు. శనివారం బావ వెళ్ళి తీరతానంటున్నాడట. "నువ్వు కూడా వెళ్ళరా. ఒక్కరే వెళ్ళారంటే కొనుక్కొచ్చేస్తారు. ఆయన క్రెడిట్ కార్డు నీ పర్సులో పెట్టుకో" అంది. పురుడు పోయడానికి గుంటూరు నించి దిగిన అమ్మ వెనకాలనుంచి, "ఇంట్లో ఉన్న కెమెరాకి ఏం రోగం?" అంటోంది. అలా నేను కాపలాదారుగా నియమితుడినయ్యాను.

కొలోన్‌లో రైన్ నదికి ఒక గట్టున పెద్ద చర్చి, రెండో గట్టున ఎగ్జిబిషన్ హాళ్ళు. మనవాళ్ళు కట్టినా ఇలాగే కట్టేవాళ్ళు, గుడి ఒక పక్క, తిరునాళ్ళు ఇంకో పక్క. దారి పొడుగునా బావ నాకు స్థలపురాణం చెబుతూనే ఉన్నాడు. ఎం వరసలో మొదటిదైన ఎం3ని 1954లో ఇదే ఊళ్ళో, ఇదే ఫోటోకినాలో చూపించారు. అప్పటి లెన్సులు ఇప్పటి ఈ డిజిటల్ కెమెరాకీ పడతాయి. "యాభై రెండేళ్ళురా! మీ అక్క కొన్న మిక్సీ జారుకి మూత రెండేళ్ళ తరవాత దొరకలేదు" అన్నాడు. ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు.

రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పడం నా బాధ్యత. మామూలు పెద్ద కెమెరాలో లెన్సు చూసేదే మనకీ కనిపిస్తుంది. ఇందులో అలా కాదు. లెన్సు దాని దారిన అది చూస్తుంది, మనం మూలనున్న కిటికీలోంచి మన దారిన మనం చూస్తాం. లెన్సుకి మూత తియ్యకపోయినా మనకి లోకమంతా దేదీప్యమానంగా కనిపిస్తుంది. అక్క పెళ్ళిలో దుబాయ్ నించి వచ్చిన బావగారి బాబాయి ఇలాంటి కెమెరాతోనే తలంబ్రాలు తీశాడు. కడిగిస్తే 36 ఫోటోలూ అమావాస్యే. బావకి ఈ జాతి కెమెరాల మీద భక్తి ఆ రోజే పుట్టిందంటే అక్క ఇప్పటికీ నమ్మదు.

ఇక ఫోకస్. ముందువైపు ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి వచ్చే బొమ్మ, మనం చూసే బొమ్మ మధ్యలో ఒక చిన్న వెలుగు పలకలాగా పడుతుంది. తాగినవాడికి ఒకటి రెండుగా కనిపిస్తుంది కదా, ఈ కెమెరా మొదట్లో తాగి ఉంటుంది. లెన్సుమీద రింగు తిప్పుతున్నకొద్దీ మత్తు దిగుతుంది. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చోగానే నొక్కాలి.

స్టాలు దగ్గర క్యూ మన బియ్యం క్యూ కన్నా మర్యాదగా ఉంది, అంతే తేడా. నిలబడ్డవాళ్ళలో చాలామంది మెడలో పాత ఎం కెమెరాలు. నల్లరంగు అంచుల్లో ఊడిపోయి లోపలి ఇత్తడి మెరుస్తోంది. మనింట్లో బిందెకి కళాయి పోతే పరువు పోతుంది. ఇక్కడ ఎంత ఇత్తడి బయటపడితే అంత పరువు. మెడలో ఏమీ లేని నన్ను ముందున్న పెద్దాయన పైనించి కిందకి చూసి, తాళి లేకుండా పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు.

మా వంతు వచ్చింది. మా ఎదుట ఉన్నాయన పొడుగాటి ముక్కు, దట్టమైన మీసం, నల్ల సూటు. కెమెరా తీసి బావ చేతిలో పెట్టాడు. బావ కళ్ళు మూసుకున్నాడు. నేను అటూ ఇటూ చూశాను, ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారేమోనని.

ఆరువందల గ్రాములకి కాస్త తక్కువ. ఇనప్పెట్టె తాళం పట్టుకున్నట్టు ఉంటుంది. బావ నొక్కాడు. టక్, వెంటనే జుయ్‌మని సన్నటి మోటారు చప్పుడు. బావ మొహం వాడింది. పాత ఎంలో గుడ్డ షట్టరు, గుసగుసలా ఉండేదట. ఇందులో లోహపు రేకులు, సెకనులో 8000వ వంతు దాకా పోతాయి, తరవాతి ఫోటోకి వాటిని మోటారే బిగిస్తుంది. అదలా ఉంచి, బావ కుడి బొటనవేలు నొక్కినప్పుడల్లా గాల్లో ఏదో వెతుక్కుంటోంది. ఫిల్ము తిప్పే మీట! ఇందులో ఫిల్మే లేదు, మీటెందుకు? స్కూటరు కొన్న కొత్తలో మా నాన్న ఎడమకాలు పెడలు కోసం ఇలాగే తడుముకునేది. అంతకు రెండేళ్ళ ముందు 2004లో ఎప్సన్ వాళ్ళు ఆర్-డి1 అని మొట్టమొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్ తెచ్చినప్పుడు ఈ బొటనవేలి బాధ అర్థం చేసుకుని, షట్టరు బిగించే నెపం మీద మీట ఉంచారు. పైన గడియారంలాగా ముళ్ళు కూడా పెట్టారు. డిజిటల్ అని ఎవరికీ తెలియకూడదనుకుంటే వెనకనున్న తెరని లోపలివైపుకి తిప్పి మూసెయ్యొచ్చు. లక్షలు పెట్టి కొన్న కొత్తదనాన్ని దాచుకోవడానికి ఏర్పాటు!

ఎం8 దాచుకునే పద్ధతి వేరు. మెమరీ కార్డు ఎక్కడ పెట్టాలని నేను అడిగాను. మీసాలాయన కెమెరాని బోర్లించి, అడుగున తాళం తిప్పి, అడుగు రేకు మొత్తం ఊడదీసి చేతిలో పెట్టాడు. కార్డూ బ్యాటరీ ఆ లోపలున్నాయి. ఫిల్ము ఎక్కించే రోజుల్లో అడుగు ఊడేది గనక ఇప్పుడూ ఊడాలి. ఇంటికి గుమ్మం పెట్టకుండా పునాది తీసి లోపలికి పొమ్మన్నట్టుంది. "రోడ్డుమీద కార్డు మార్చేటప్పుడు ఈ రేకు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాను. బావ నా కాలు తొక్కాడు.

తరవాత అది నా చేతికి వచ్చింది. బావ జేబులోంచి అక్క కొనిచ్చిన చిన్న కెమెరా తీసి, "అలా పెట్టుకో, నీకో ఫోటో తీస్తా" అన్నాడు. నేను కంటికి ఆనించి మధ్యలో వెలుగు పలక కోసం వెతికాను. లేదు. రింగు అటు తిప్పాను, ఇటు తిప్పాను. లేదు. గొంతు సవరించుకుని, వందమంది భక్తులు వినేలా, "ఇది పాడైపోయినట్టుందండీ" అన్నాను.

క్యూలో ఇత్తడంతా ఒక్కసారి నావైపు తిరిగింది.

మీసాలాయన చాలా మెత్తగా, "కెమెరా బాగానే ఉంది సార్, మీ వేలు..." అంటూ ముందువైపు చిన్న కిటికీని మూసేసి ఉన్న నా కుడిచేతి వేలుని, పెళ్ళికూతురి గడ్డం ఎత్తే స్టూడియో ఫోటోగ్రాఫరులాగా, రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి జరిపాడు. వెలుగు పలక ప్రత్యక్షమైంది. అందులో ఆయనకి రెండు ముక్కులు.

ముందు మీసంతో ప్రయత్నించి విఫలమయ్యాను. రెండు బొమ్మలూ పక్కలకి జరుగుతాయి గనక అడ్డగీత పనికిరాదు, నిలువు గీత కావాలి. ఆ ముక్కు అందుకు తగిన ముక్కు. రింగు తిప్పుతుంటే రెండో ముక్కు మొదటి ముక్కు వైపు నెమ్మదిగా నడిచి వచ్చింది, దాటిపోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. కలిసిన క్షణంలో ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి! మరే కెమెరాలోనూ ఫోకస్ నేను చేశానని అనిపించలేదు. పేరుమోసిన ఫోటోగ్రాఫరు కార్టియే బ్రెసాన్ ఇలాగే చేశాడు కదా అనుకుంటూ నొక్కాను. ఈ ఆలోచనకి పట్టిన సమయంలో ఆయన పక్కవాళ్ళకి జవాబు చెప్పడానికి తల తిప్పాడు. వెనక రెండున్నర అంగుళాల తెరమీద చూస్తే చెవి అద్భుతంగా వచ్చింది. చెవిలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. 10.3 మెగాపిక్సెల్ అంటే ఏమిటో అప్పుడర్థమైంది.

ఇదంతా డిజిటల్‌లోకి తేవడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే, ఈ లెన్సులు వెనకగోడకి మరీ దగ్గరగా ఉంటాయి. చూరు కింద నించుంటే జల్లు వాలుగా కొట్టినట్టు, వెలుతురు సెన్సరు మూలలకి ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకి ఫరవాలేదు, సెన్సరుకి మూలలు చీకటైపోతాయి. అందుకని సెన్సరుని ఫిల్ము కన్నా చిన్నదిగా, 27 మిల్లీమీటర్ల వెడల్పు, 18 ఎత్తున చేశారు. మూలల్లో బుల్లి కటకాలని కాస్త పక్కకి జరిపారు. సెన్సరు ముందున్న అద్దాన్ని అర మిల్లీమీటరుకి పల్చన చేశారు. ఆ పల్చదనం కథ నవంబరులో బయటపడింది. కంటికి కనిపించని పరారుణ కాంతి దాన్ని దాటి లోపలికొచ్చి నల్లటి సింథటిక్ బట్టల్ని ఊదారంగుకి మార్చేస్తోంది. కొన్నవాళ్ళకి కంపెనీ రెండేసి ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది. ఈ వార్త బావకి నేనే సంతోషంగా చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "వంకాయ రంగంటే నాకు మొదట్నించీ ఇష్టమేరా" అన్నాడు.

ఆ శనివారానికొస్తే, ధర చీటీ మీద 4,195 యూరోలని ఉంది. ఆ రోజుల్లో మన డబ్బు రెండున్నర లక్షలకి కాస్త తక్కువ. లెన్సు దానికి అదనం.

"ఒరేయ్, ఆ కార్డోసారి ఇవ్వరా" అన్నాడు బావ, నీరసంగా.

చిత్రమేమిటంటే అప్పటికే నా చెయ్యి పర్సు మీద ఉంది. బావ కోసం కాదు. ముక్కులు కలిసినప్పట్నించీ నేను మనసులో వాయిదాలు లెక్కేసుకుంటున్నాను. కంచె చేనువైపు చూస్తోంది. "నేను సగం వేస్తా బావా" అన్నాను. "ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర." బావ నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు.

మీసాలాయన మా మీద దయతలిచాడు. "ఇది ఎగ్జిబిషన్ సార్, ఇక్కడ అమ్మం. నవంబరులో షాపులకి వస్తుంది."

"నవంబరులోనా?" అన్నాడు బావ. డాక్టరు అక్కకి ఇచ్చిన తేదీ కూడా నవంబరే. ఇద్దరం మాట్లాడకుండా కేటలాగు పుచ్చుకుని వచ్చేశాం. బావ దాన్ని ఇంటి ముందు మెట్ల దగ్గర మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక బావ తన చిన్న కెమెరా ఫోటోలన్నీ కంప్యూటర్లో పెట్టి చూపించాడు. నేను ఎం8 కంటికి ఆనించి నించున్న ఫోటో బ్రహ్మాండంగా కుదిరింది. భుజాలు విప్పి, ఒక కాలు ముందుకి పెట్టి, అచ్చు యుద్ధభూమిలో విలేకరిలా ఉన్నాను. అక్క కూడా, "భలే ఉన్నావురా" అంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చి ఒక్క క్షణం చూసింది.

"అది సరేగానీ నాన్నా, ఆ చిన్న అద్దానికి వేలు అడ్డం పెట్టుకున్నావేంట్రా?"