మా రోజుల్లో యంత్రానికి గంట ఉండేది

మొన్న ఆదివారం మా మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, కొత్త రకం గెలిచింది, చూడండి" అంది. వ్యవసాయ కాలేజీలో పీజీ చేస్తోంది. కొత్త వరి రకాన్ని 9 మడుల్లో వేసి, కోతలయ్యాక దిగుబడి తూచారు. సగటున ఎకరాకు 32 బస్తాలు. ఆ చుట్టుపక్కల రైతులకు ఏటా వచ్చేది 29. ఆర్ లాంగ్వేజ్‌లో తను రాసుకున్న ఫంక్షన్ ఈ సగటుకు స్టాండర్డ్ ఎర్రర్ 1 బస్తా అని చెప్పింది. 9 మడులంటే 8 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, 5 శాతం దగ్గర టీ విలువ 2.306. 32 లోంచి 2.3 తీసేస్తే 29.7. కింది అంచు కూడా 29 పైనే ఉంది కాబట్టి కొత్త రకమే మేలని రిపోర్టులో రాసేసింది.

నేను రిపోర్టు పక్కన పెట్టి మడుల అంకెలు చూశాను. అన్నిటికంటే తక్కువ 24, అన్నిటికంటే ఎక్కువ 41. తేడా 17. దాన్ని 9తో భాగిస్తే ఇంచుమించు 1.9. పదిలోపు అంకెలున్నప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ ఎంత ఉండొచ్చో నోటిలెక్కతో చెప్పే పాత కిటుకు ఇది. నోటిలెక్క 2 దగ్గర ఉంటే ల్యాప్‌టాప్ 1 అంటోంది. సరిగ్గా సగం ఎక్కడో పోయింది.

"ఏదీ, ఆ ఫంక్షన్ చూపించమ్మా" అన్నాను. ఒకటే లైను. బ్రాకెట్లో ఎక్స్ తీసుకుంటుంది. ఎక్స్ స్టాండర్డ్ డీవియేషన్‌ని ఎన్ వర్గమూలంతో భాగించి ఇస్తుంది. సూత్రం సరైనదే. కానీ బ్రాకెట్లో ఎక్స్ ఒక్కటే ఉంది, ఎన్ లేదు. లోపల కూడా ఎన్ ఎంతో ఎక్కడా చెప్పలేదు.

"ఈ ఎన్ ఎక్కడిదమ్మా?"

పిల్ల కాసేపు వెతికింది. అంతకు ముందు వారం 36 మడుల ప్రయోగం ఒకటి లెక్కగట్టింది. అప్పుడు ఎన్‌కి 36 ఇచ్చింది. పని ముగించి ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ సేవ్ చెయ్యాలా అని అడిగితే అలవాటుగా చెయ్యమంది. మళ్లీ తెరిచేసరికి ఆ పాత ఎన్ దాని చోట అది కూర్చుంది. స్టాండర్డ్ డీవియేషన్ 6. దాన్ని 9 వర్గమూలం 3తో భాగించాల్సింది పోయి 36 వర్గమూలం 6తో భాగించింది. 2 రావాల్సిన చోట 1 వచ్చింది. 2తో లెక్కగడితే కింది అంచు 27.4. రైతుకు మామూలుగా వచ్చే 29 ఆ హద్దుల లోపలే ఉంది. అంటే కొత్త రకం మేలని ఇంకా తేలనే లేదు. ఆ రిపోర్టు అలాగే వెళ్లి ఉంటే ఎవరో ఒక రైతు ఆ మాట నమ్మి విత్తనానికి డబ్బు పెట్టేవాడు.

స్క్రీన్ మీద ఎర్రక్షరం ఒక్కటి లేదు. హెచ్చరిక లేదు. నా బాధంతా అక్కడే.

మా రోజుల్లో ఇలా కాదు. 1970ల్లో నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినప్పుడు ప్రాక్టికల్స్ హాల్లో వరసగా ఫాసిట్ యంత్రాలుండేవి. చేత్తో హ్యాండిల్ తిప్పే లెక్కల యంత్రం అది. ఇరవై మంది ఒకేసారి తిప్పుతుంటే హాలంతా రైస్‌మిల్లులా మోగేది. భాగహారంలో ఒక తిప్పు ఎక్కువైతే యంత్రంలో గంట కొట్టేది. టక్కున ఆగి, ఒక తిప్పు వెనక్కి తిప్పి, అంకె సరిచేసుకునేవాళ్లం. ఇనుముతో చేసిన యంత్రానికి కూడా తప్పు చెప్పే నోరుండేది.

దానికంటే పెద్ద కాపలా కాగితం మీద ఉండేది. లెడ్జరు కాగితం మీద నిలువు గళ్లు గీసి, ప్రతి గడి నెత్తిన పేరు రాసేవాళ్లం. ఇది ఎఫ్, ఇది డీ, ఇది ఎఫ్‌డీ, ఇది ఎఫ్‌డీ స్క్వేర్. పేరు లేని అంకెను మా మాస్టారు అంకె కిందే లెక్కపెట్టేవారు కాదు. కూడికలు అయ్యాక పక్కన ఇంకో గడి గీసేవాళ్లం. డీకి ఒకటి కలిపి వర్గం చేసి మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి కూడేవాళ్లం. రెండు దార్ల జవాబు కలవాలి. దాన్ని చార్లియర్ చెక్ అంటారు. కలవకపోతే సాయంత్రం ఆరైనా ఇంటికి పోయేది లేదు. కలిశాకే సి.ఆర్. రావు గారూ, ఆయన సహచరులూ 1966లో వేసిన టేబుల్స్ పుస్తకం తెరిచి టీ విలువ చూసేవాళ్లం.

తర్వాత ఫోర్ట్రాన్ వచ్చింది. ఒక్కో కార్డుకు 80 గళ్లు. ప్రోగ్రాం వాక్యం 7వ గడి నుంచి 72వ గడి లోపు పట్టాలి. వేరియబుల్ పేరు 6 అక్షరాలు దాటకూడదు. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో పేరు మొదలైతే, వేరే చెప్పకపోతే, అది పూర్ణాంకం. సగటుకు మీన్ అని పేరు పెట్టామో, 32.7 కాస్తా 32 అయిపోయేది. అందుకని ముందు ఎక్స్ తగిలించి ఎక్స్‌మీన్ అని రాసేవాళ్లం. పేరు పెట్టడం అంటే ఆ అంకె ఏ జాతిదో తేల్చుకోవడం. కార్డుల కట్ట ఇస్తే ఫలితం మర్నాటికి వచ్చేది. ఒక్క కామా తప్పితే ఒక రోజు పోయినట్టే. కాబట్టి కట్ట ఇచ్చే ముందు కాగితం మీద ప్రతి వేరియబుల్‌కీ గడి గీసి, ప్రోగ్రాంని మనమే యంత్రమైనట్టు లైను లైనూ నడిపి చూసేవాళ్లం.

మా కాలంలో ఈ పాత ఎన్ జబ్బు లేదని అబద్ధం చెప్పను. ఫోర్ట్రాన్‌లో కామన్ అని ఒక మాట ఉంది. దానితో సబ్‌రొటీన్లన్నీ ఒకే గాదె లోంచి అంకెలు తీసుకోవచ్చు, అందులోనే పోసెయ్యొచ్చు. ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలిసేది కాదు. కానీ అది జబ్బని మాకు మొదటి రోజే చెప్పారు. ఏం కావాలో బ్రాకెట్లో అడుగు, అక్కడ అడగనిదాన్ని లోపల ముట్టుకోకు అన్నారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెప్పేవాళ్లే కరువయ్యారు.

నేను ఆర్‌ని తిట్టడం లేదు. ఆ భాష అంటే నాకు గౌరవం. 1976లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం ఎస్ అనే భాష మొదలుపెట్టింది. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆ ఒరవడిలోనే ఆర్ తయారుచేసి, 1995లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. ఇప్పుడు దానికి ప్యాకేజీలే 20 వేలకు పైగా ఉన్నాయి. మేము అయిదారు వేరియబుల్స్ రిగ్రెషన్‌ని డూలిటిల్ పద్ధతిలో చెయ్యాలంటే ఒక పగలంతా పట్టేది. మనవరాలు రెప్పపాటులో చేస్తుంది, రూపాయి ఖర్చు లేకుండా. నేను నలభై ఏళ్లు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాను. ఇంత మంచి పనిముట్టు మా చేతిలో ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే దాన్ని తెలియకుండా వాడితే కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఇద్దరూ స్కీమ్ అనే భాష నుంచి ఒక చక్కని సంగతి తెచ్చి ఆర్‌లో పెట్టారు. ఫంక్షన్‌కి ఏదైనా పేరు కావాల్సి వస్తే ముందు తన ఇంట్లో వెతుక్కుంటుంది. దొరక్కపోతే ఎక్కడికి పోవాలి? తనను ఎవరు పిలిస్తే వాళ్లింటికి పోదు. తను ఎక్కడ పుట్టిందో అక్కడికి పోతుంది. పండక్కి ఆడపిల్ల పుట్టింటికి పోయినట్టు. అక్కడా లేకపోతే ఆ పుట్టింటికి బయట ఏముందో అక్కడికి, అలా పైపైకి పోతుంది. దీన్నే లెక్సికల్ స్కోపింగ్ అంటారు. దీనివల్ల ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్‌ని పుట్టించి, దాని సామాను దానికి సారెగా ఇచ్చి పంపొచ్చు. అది ఎక్కడికి పోయినా ఆ సామాను దానితోనే ఉంటుంది. ఎంతో ఉపయోగం.

కానీ మామూలుగా మనం కన్సోల్‌లో రాసే ఫంక్షన్‌కి పుట్టిల్లు ఏది? మన వర్క్‌స్పేసే. నెల రోజుల చెత్త పోగేసి, ఊడవకుండా వదిలిన ఇల్లు అది. అక్కడ 36 అని ఒక పాత ఎన్ దొరికితే అదే తెచ్చుకుంటుంది. తప్పు ఫంక్షన్‌ది కాదు. దానికి కావలసినది బ్రాకెట్లో చేతికివ్వకుండా పంపిన మనది.

పేర్ల సంగతి మరీ ఘోరం. మాకు 6 అక్షరాలే ఇస్తే వాటిలో అర్థం ఇరికించేవాళ్లం. ఇప్పుడు పేరు ఎంత పొడుగైనా పెట్టుకోవచ్చు. అయినా పిల్లల ఫైళ్లలో ఏముంటాయి? డీఎఫ్, డీఎఫ్2, టెంప్, ఫైనల్, కొత్త ఫైనల్. మడి దిగుబడికి మడి దిగుబడి అని పేరు పెట్టడానికి ఎవరడ్డొచ్చారు? ఆరు నెలల తర్వాత డీఎఫ్2లో ఏముందని అడిగితే రాసినవాళ్లే చెప్పలేకపోతున్నారు.

ఇంకో సంగతి. ఆ ఎన్ బదులు ఎక్స్ పొడవు, అంటే లెంగ్త్ వాడమని మనవరాలికి చెప్పాను. దిద్దింది. "ఇప్పుడు సరే కదా తాతయ్యా?" అంది. "ఒక మడిని గేదెలు తొక్కేశాయనుకో, అప్పుడు?" అన్నాను. అలాంటి మడికి ఆర్‌లో ఎన్ఏ అని రాస్తారు, అంకె లేదని. అంకెల్లో ఒక్క ఎన్ఏ ఉన్నా ఆర్ సగటు చెప్పదు. స్టాండర్డ్ డీవియేషన్ చెప్పదు. ఎన్ఏ అనే జవాబిస్తుంది. అదీ మా ఫాసిట్ గంట లాంటిదే. ఆగు, ఇక్కడేదో లేదు, చూసుకో అని చెప్పడం. పిల్లలేం చేస్తారంటే ఎన్ఏ డాట్ ఆర్ఎమ్ ఈజ్ ఈక్వల్ టు ట్రూ అని పెట్టి ఆ గంట నోరు నొక్కేస్తారు. లెంగ్త్ మాత్రం ఎన్ఏని కూడా కలుపుకుని 9 అనే చెబుతుంది. ఉన్నది 8 మడులు, భాగించేది 9 వర్గమూలంతో. మళ్లీ తప్పే, మళ్లీ చప్పుడు లేని తప్పే.

పంట పోయిన మడిని మేము అంత తేలిగ్గా వదిలేవాళ్లం కాదు. యేట్స్ 1933లో చెప్పిన పద్ధతి ప్రకారం ఆ బ్లాకు మొత్తం, ఆ రకం మొత్తం, అన్ని మడుల మొత్తం చూసి లేని అంకెను అంచనా కట్టేవాళ్లం. కట్టినందుకు ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో ఒకటి తగ్గించుకునేవాళ్లం. లేని అంకెకు కూడా లెక్క చెప్పాలని ఆ పద్ధతి నేర్పింది. ఇప్పుడు మంచి పద్ధతులు ఇంకా వచ్చాయి. ఏ పద్ధతైనా వాడండి, కానీ ఎన్ని పోయాయో ముందు లెక్కపెట్టండి.

ఇప్పుడు ఫంక్షన్ రాసిపెట్టమని ఏఐని అడగడం ఒకటి మొదలైంది. అడగొచ్చు. మేమూ సీనియర్ల నోటుబుక్కులు చూసేవాళ్లం. కానీ చూసినదాన్ని మళ్లీ సొంతంగా చేసి, రెండు దార్లూ కలిశాకే సంతకం పెట్టేవాళ్లం. ఎవరు రాసిచ్చినా కింద పేరు మీదే ఉంటుంది. రైతు నమ్మేది మిమ్మల్ని.

ఆ రోజు మనవరాలి చేత ఆ ఫంక్షన్ మొదటి నుంచి రాయించాను. ముందు ఎన్ఏలు ఎన్నున్నాయో లెక్కపెట్టి పైకి చెప్పాలి. వాటిని తీశాక మిగిలినవి ఎన్నో ఆ ఫంక్షన్ లోపలే లెక్కగట్టుకోవాలి, బయటి ఎన్ జోలికి పోకూడదు. రెండు అంకెలైనా లేకపోతే పని ఆపెయ్యాలి. ఆర్‌లో స్టాప్ ఇఫ్ నాట్ అని ఒక ఫంక్షన్ ఉంది, దానితో ఆ షరతు పెట్టించాను. మా ఫాసిట్‌కి గంట కంపెనీ వాడే పెట్టి ఇచ్చాడు. ఈ యంత్రానికి ఎవరి గంట వాళ్లే కట్టుకోవాలి.

ఈ భాష నేర్చుకుంటున్న పిల్లలందరికీ నాదొక్కటే మనవి. ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ సేవ్ చెయ్యమంటే వద్దనండి. స్క్రిప్టు దాచుకోండి, అది చాలు. మళ్లీ ఖాళీ ఇంట్లో మొదటి లైను నుంచి నడిపించండి. నడవకపోతే మీ లెక్క ఇంకా పూర్తి కానట్టే. ఏ ఫంక్షన్ రాసినా దాన్ని అసలు డేటా మీదికి వదిలే ముందు, చేత్తో చెయ్యగలిగిన చిన్న లెక్క ఒకటి ఇచ్చి పరీక్షించండి. స్టాండర్డ్ ఎర్రర్ ఫంక్షన్‌కైతే 2, 6, 6, 6 ఇవ్వండి. సగటు 5, స్టాండర్డ్ డీవియేషన్ 2, నాలుగు అంకెలు కాబట్టి వర్గమూలం 2. జవాబు 1 రావాలి. మా మనవరాలి మొదటి ఫంక్షన్ దీనికి 0.33 ఇచ్చింది. కొత్తది 1 ఇచ్చాకే రిపోర్టు తిరగరాసింది. కొత్త రకం మేలని ఇంకా తేలలేదు, వచ్చే ఏడు మరిన్ని మడుల్లో వేసి చూడాలి అని అందులో రాసింది.