నంది చెవి

ఆ కుర్రాడిది ఆళ్లగడ్డ. తండ్రి విగ్రహాలు చెక్కుతాడు, తాతదీ అదే పని. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ల మధ్య పెరిగాడు గానీ ఉలి పట్టలేదు. బళ్లో ఏకపాత్రాభినయానికి మొదటి బహుమతి వచ్చిన రోజే సినిమా పిచ్చి పట్టింది. నంద్యాలలో డిగ్రీ చదువుతూ షార్ట్ ఫిలింలు చేశాడు. డిగ్రీ అవగానే హైదరాబాదు బస్సెక్కాడు.

కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి గది. మొదటి రెండేళ్లలో దొరికిన వేషాలు మూడు. పెళ్లి పందిట్లో వడ్డించేవాడు, కాలేజీలో వెనక బెంచీ, ఒక సీరియల్లో శవం. శవానికే కాస్త ఎక్కువిచ్చారు.

మూడో ఏడు ఒక ఫ్యాక్షన్ సినిమాకి ఆడిషన్ పడింది. సీమ కుర్రాళ్లు కావాలి, యాస తప్పనిసరి అన్నారు. ఇదేదో తన కోసమే రాసినట్టుందనుకుని వెళ్లాడు.

చేతిలో కాగితం పెట్టారు. తండ్రిని అవమానించినవాడికి కొడుకు ఇచ్చే వార్నింగు. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, మాటమాటా తూచి చెప్పాడు. వాళ్ల ఊళ్లో నిజంగా కోపమొచ్చినవాడు అరవడు.

కో-డైరెక్టరు కాగితంలోంచి తలెత్తాడు.

"మీదే ఊరు?"

"ఆళ్లగడ్డ అన్నా."

"మరి యాసేదీ?"

"ఇదే గదన్నా."

"ఇది కాదు తమ్ముడూ. సీమ అంటే వినగానే ఒళ్లు జలదరించాలి. జయప్రకాశ్ రెడ్డి గారి సినిమాలు చూడు. చూసి నేర్చుకో."

జయప్రకాశ్ రెడ్డి గురించి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన పుట్టిన సిరివెళ్ల, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వచ్చే దారిలోనే ఉంటుంది. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో చదువు నెల్లూరులో సాగింది. తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారు. ఖాళీ దొరికితే నాటకాలు. నల్లగొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు సినిమాల్లోకి తెచ్చారు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’ వచ్చింది. పేరొచ్చింది గానీ ఇల్లు గడవలేదు. మళ్లీ బడికెళ్లి సుద్దముక్క పట్టుకున్నారు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’. ఆ తర్వాత తెలుగు సినిమాలో సీమ అంటే ఆయన గొంతే.

కుర్రాడు గదిలో అందరూ పడుకున్నాక ఫోన్లో ఆ సినిమాలన్నీ మళ్లీ చూశాడు. చూసి మెచ్చుకున్నాడు. తన ఊళ్లో అలా మాట్లాడేవాళ్లు ఎవరెవరున్నారా అని ఆలోచించాడు. ఎవరూ గుర్తుకు రాలేదు.

ఉగాదికి ఇంటికొచ్చాడు. తిరుగు ప్రయాణంలో నంద్యాల బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని తింటుంటే, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తుకున్న ఒకాయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సినిమావాణ్ణని చెప్పుకున్నాడు. అసిస్టెంటు డైరెక్టరు.

"ఇక్కడివాళ్ల మాట రికార్డు చేసుకోడానికి వచ్చా బ్రదర్. జేపీ గారు కూడా ‘ప్రేమించుకుందాం రా’ అప్పుడు టేపురికార్డరు పట్టుకుని ఇదే నంద్యాల చుట్టుపక్కల హోటళ్లలో తిరిగారు. జనం మాట్లాడేది రికార్డు చేసుకుని, విని విని సాధన చేశారు. అదీ డెడికేషన్ అంటే."

"ఆయన పుట్టింది ఈ దావనే అన్నా, సిరివెళ్లలో."

"అవునా? గుంటూరాయన అనుకున్నానే!"

ఆయన ఫోను తీసి నీళ్ల గ్లాసుకి ఆనించి పెట్టాడు. ఏదో ఒక గొడవ చెప్పమన్నాడు. మీ ఊళ్లో జరిగిందే, ఎలా జరిగిందో అలా.

కుర్రాడు నంది చెవి సంగతి చెప్పాడు.

ఒక పల్లె నుంచి పెద్దమనిషి వచ్చి శివాలయానికి నందిని చెక్కించుకున్నాడు. ట్రాక్టరు ఎక్కించేటప్పుడు ఎడం చెవి కొస లేచిపోయింది. ఎక్కించకముందే పోయిందని ఆయన, ఎక్కించాకే పోయిందని కుర్రాడి నాన్న. గంటసేపు వాదన. ఇద్దరి మాటా కుర్రాడే మాట్లాడాడు. నాన్న మాటకి మెడ కాస్త వంచాడు, పెద్దమనిషి మాటకి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మా నాయన అన్యాడు గదా: ‘ఒక చెవి పోతే ఏమైతాదప్పా? మొక్కుకునేటోళ్లు రెండో చెవిలో చెప్పుకుంటార్లే.’ దానికి ఆయప్ప ఏమన్నాడో తెల్సునా? ‘మా ఊర్లో రెండు పార్టీలుండాయి సామీ. ఒక చెవి యాడ చాల్తాది?’"

అసిస్టెంటు డైరెక్టరు పొలమారేదాకా నవ్వాడు. సరిగ్గా అప్పుడే బయట కండక్టరు "ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, కడప!" అని కేకేశాడు. కుర్రాడు సర్వరు వైపు తిరిగి "ఇంకో బజ్జీ ఎయ్ నా" అన్నాడు. ఫోను అన్నీ విన్నది.

"నేనూ యాక్టర్నే అన్నా" అని కుర్రాడు నెంబరిచ్చాడు. ఆయన రాసుకున్నాడు, టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. కాల్ చేస్తానన్నాడు. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేస్తాయి, సినిమావాళ్లు కాల్ చేస్తామంటారు.

ఆ ఏడాది దీపావళి దాటాక అదే ఫ్యాక్షన్ సినిమాకి మళ్లీ ఆడిషన్. హీరో మారాడట, కథ మారిందట. కో-డైరెక్టరు మాత్రం మారలేదు. కుర్రాణ్ణి గుర్తుపట్టాడు.

"నువ్వా! ఈసారి డైలాగు ఇవ్వను. మా దగ్గర సీమ స్లాంగుకి రిఫరెన్సు ఒకటుంది. డైరెక్టరు గారు అదే ఫిక్సయ్యారు. హీరోకి కూడా దాంతోనే ట్రైనింగ్. విని, అచ్చం అలాగే చెప్పాలి."

బల్ల మీది స్పీకరు నొక్కాడు.

గ్లాసుల చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత ట్రాక్టరు, నంది, ఎడం చెవి. రెండు పార్టీల దగ్గరికొచ్చేసరికి గదిలో ఉన్న ఐదుగురూ నవ్వారు. ఎన్నిసార్లు విన్నారో, నవ్వు ముందే సిద్ధంగా ఉంది. వెనక నుంచి సన్నగా ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, కడప. ఇంకో బజ్జీ.

"చూశావా? ఇతనెవడో యాక్టరు కాదు, హోటల్లో టిఫిన్ తింటున్న మనిషి. అందుకే అంత నేచురల్‌గా వచ్చింది."

"అన్నా, ఆ గొంతు..."

"అదే చెప్తున్నా, ఆ గొంతు పట్టుకో. ఊఁ, మొదలెట్టు."

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. మొదటి నుంచి చెప్పాడు. నాన్న మాటకి మెడ కాస్త వంచాడు, పెద్దమనిషి మాటకి వెనక్కి వాలాడు. రెండు పార్టీల దగ్గర ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

కో-డైరెక్టరు పెన్ను మూత పెట్టాడు.

"పోయినసారి కంటే చాలా మెరుగు తమ్ముడూ, కాదనను. కానీ అతనిలో ఉన్న సీమ నీలో లేదు. క్లిప్పు వాట్సాప్‌లో పెడతా. నెల రోజులు విను. అతనిలా మాట్లాడ్డం వచ్చాక రా."