ఒకటో నంబరు రైల్లో గోల్ఫ్ కర్రలు

మన సినిమాల్లో గోల్ఫ్ ఆడేవాడు ఎప్పుడూ విలనే. తెల్ల ప్యాంటు, బంగారు వాచీ, పక్కన ఫోన్ అందించడానికో పీఏ. బంతి కొడుతూ కొడుతూనే ఎవణ్ణో లేపేయమని పురమాయిస్తుంటాడు. ఆ వైభోగం ఊహించుకుని న్యూయార్క్ బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కుకు వెళ్తే నీరుగారిపోతారు. అక్కడికి సబ్‌వే రైల్లో పోవచ్చు. ఒకటో నంబరు ఎక్కి చిట్టచివరి స్టేషన్, అంటే 242వ వీధి దాకా, కర్రల సంచీని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చోవడమే. ఎదుటి సీట్లో రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ ఓ కన్ను తెరిచి, ఆ సంచీని చూసి, 'ఇంత పొద్దున్నే వీడికేం పోయేకాలం' అన్నట్టు మళ్ళీ మూసుకుంటుంది. పీఏలూ లేరు, వాచీలూ లేవు.

సభ్యత్వం, సిఫార్సు లేకుండా అమెరికాలో ఎవరైనా ఆడుకునేందుకు పెట్టిన మొట్టమొదటి గోల్ఫ్ మైదానం ఇదే. 1895లో తెరిచారు. మొదట 9 గుంతలు, 1899కల్లా 18. తర్వాతి రోజుల్లో మేజర్ డీగన్ ఎక్స్‌ప్రెస్‌వేని ఈ పార్కు మధ్యలోంచే లాక్కెళ్ళారు. టీవీ గోల్ఫులో ఆటగాడు బంతిని గుంతలోకి నెట్టే కర్ర, అంటే పట్టర్, పట్టుకోగానే వేలమంది ఊపిరి బిగబడతారు. ఇక్కడ లారీలు బిగబట్టవు.

ఏ నగర మైదానానికైనా ఒంటరిగా వెళ్తే స్టార్టర్ అనే పెద్దమనిషి మిమ్మల్ని ముగ్గురు అపరిచితులకు జత చేస్తాడు. పెళ్ళిచూపులు లేని పెళ్ళన్నమాట, కాపురం అయిదు గంటలు. నాకు తగిలినవాళ్ళలో ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ని మాత్రం మరిచిపోలేను. ఎవరి బంతి చెట్లలోకి పోయినా "అది అలా వెళ్తుందని నాకు తెలుసు" అనేవాడు, తన బంతితో సహా.

చెట్లలోకి పోయిన బంతిని వెతకడమే అసలు ఆట. నిబంధనల ప్రకారం వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే, అంతకుముందు 5 ఉండేవి. మా డ్రైవర్ గారు మాత్రం 2019ని గుర్తించలేదు. కర్రతో పొదను అటూ ఇటూ కదుపుతూ, మూడేసి ఆకుల తీగ కనబడగానే చటుక్కున వెనక్కి దూకుతాడు. అది పాయిజన్ ఐవీ, తగిలితే వారం రోజులు గోక్కోవాలి. చివరికి ఒక బంతి దొరుకుతుంది. మనది కాదు. తుడిచి జేబులో వేసుకుంటాం. ఈలోగా వెనకాల గుంపు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంటుంది, మన పెళ్ళి భోజనాల్లో కుర్చీ వెనక కాచుకున్నవాళ్ళకున్నంత ఓర్పుతో.

ఇదంతా ఫోన్లో చెప్తే మా అమ్మ, "ఎండలో కర్ర పట్టుకుని అయిదు గంటలు తిరగడానికి డబ్బులు కడుతున్నావట్రా? అదే మన చేలో తిరిగితే కూలీ ఇచ్చేవాళ్ళంగా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ పార్కులోనే మనవాళ్ళ కళ్ళు జిగేలుమనే ఇంకో సంగతుంది. పెరేడ్ గ్రౌండ్‌లో వరసగా క్రికెట్ పిచ్‌లున్నాయి. 2024 టీ20 ప్రపంచకప్‌కి తాత్కాలిక స్టేడియం ఇక్కడే కడదామనుకున్నారు. స్థానికులు, అక్కడ ఆడే క్రికెటర్లతో సహా, ససేమిరా అనడంతో అది లాంగ్ ఐలండ్‌లోని నాసో కౌంటీకి పోయింది. భారత్ పాకిస్థాన్‌ని 6 పరుగులతో ఓడించింది అక్కడే. మనవాళ్ళు ఆదివారం పొద్దున్న క్రికెట్ కిట్‌తో రైలు దిగి, గోల్ఫ్ సంచీతో దిగిన నన్ను చూసి, "అన్నా, రిటైరయ్యావా?" అని అడుగుతారు. బౌలింగ్‌కి పరిగెత్తే మోకాళ్ళున్నప్పుడు నేనూ అలాగే అనేవాణ్ణి.

ఈసారి న్యూయార్క్ వస్తే వెళ్ళి చూడండి. నగరవాసులకు రేటు తక్కువ, మనలాంటి చుట్టాలకు కాస్త ఎక్కువ. షూ మెత్తనివి వేసుకోండి, కొండలెక్కాలి. బంతులు మాత్రం పాతవే తెచ్చుకోండి. కొత్తవి పోతే మనసు కష్టపడుతుంది, పోవడం మాత్రం ఖాయం.