నురుగు చూసి మురిశాను

పడుగులో ఒక్క పోగు తెగితే కళ్లు మూసుకుని వేలితో పట్టేయగలనని నాకు గర్వం. వై.ఎన్.హొసకోటలో పట్టుచీరలు నేసేవాళ్లలో ఆ గర్వం నా ఒక్కడిదే కాదులెండి. అలాంటి నేను, మా బచ్చలింట్లో టైల్స్ సందులు ఏడాదిపాటు కళ్లెదుటే రాలిపోతుంటే కనుక్కోలేకపోయాను. కనుక్కోకపోవడం ఒక్కటే అయితే బాగుండు. రాల్చింది కూడా నేనే.

మా పావగడ తాలూకాలో ఫ్లోరైడ్ భయంతో తాగడానికి ఫిల్టర్ నీళ్లు తెచ్చుకుంటాం. స్నానానికి మాత్రం బోరే గతి. ఆ ఉప్పునీళ్లకు బకెట్టు, కొళాయి, గోడ అన్నీ తెల్లగా గారపడతాయి. దానికి నాకు దొరికిన బ్రహ్మాస్త్రం యాసిడ్. ఆదివారం వస్తే చాలు, సీసా పట్టుకుని బయల్దేరేవాణ్ని. టైల్స్ తళతళా మెరిసేవి. సందుల్లో బుసబుసమని నురుగు పొంగేది. మురికి చస్తోందని మురిసిపోయాను. చచ్చింది సిమెంటు. సందుల్లో నింపేది సిమెంటు, అందులో ఉండేది సున్నం, సున్నం మీద యాసిడ్ పోస్తే కరగక ఏం చేస్తుంది?

సందులు నల్లబడ్డాయి. నల్లబడేకొద్దీ యాసిడ్ పెంచాను. ఒకరోజు మా ఆవిడ చీపురుపుల్ల గుచ్చి, "చూడయ్యా, ఇంత లోతు దిగుతోంది" అంది. "నువ్వు పుల్లలు పెట్టకు" అని పెద్ద హాస్యమాడినట్టు నవ్వాను. అయినా లోపల ఏదో గుచ్చుకుని, కొబ్బరిచిప్పలో వైట్ సిమెంటు కలిపి పాత సందుల మీదే బొటనవేలితో రుద్దేశాను. నెల తిరక్కుండా పొరలు పొరలుగా లేచిపోయింది.

బచ్చలింటి గోడకు అవతల మా మగ్గం. ఆ వైపు సున్నం ఉబ్బి, పెచ్చులూడింది. గోడగూట్లో పెట్టిన జరీ కండెలు నల్లబడ్డాయి. అప్పుడు గానీ మేస్త్రికి కబురు పెట్టలేదు.

ఆయన పనిముట్టేదీ తీయలేదు. మా ఇంటి తాళంచెవే అడిగి తీసుకుని సందులో గీకాడు. పిండి రాలింది. నాలుగు నీటిచుక్కలు చల్లాడు. గట్టిగా ఉన్నచోట చుక్క నిలిచింది, లేనిచోట ఇట్టే ఇంకిపోయింది. రూపాయి బిళ్లతో తడితే రెండు టైల్స్ డొల్లగా మోగాయి.

"అన్నా, నువ్వు రుద్దింది మురికి కాదు, గుంత. మురికి రుద్దితే పోతుంది. గుంత రుద్దితే పెద్దదవుతుంది."

రంగు మారినా గట్టిగా ఉంటే సబ్బునీళ్లు, బ్రష్షు చాలట. పిండి రాలినా, చీలినా, నీళ్లు పీల్చినా మార్చాల్సిందేనట. మరి నేను పూసిందెందుకు నిలవలేదని అడిగాను. "కుళ్లిన పోగుకు కొత్త పోగు అతికితే నిలుస్తుందా అన్నా?" అన్నాడు. నా విద్యలోనే ప్రశ్న వేసి నా నోరు మూయించాడు.

టైలు మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా పాతది గీకేసి, దుమ్ము దులిపి, కొత్తది కూరాడు. డొల్ల టైల్స్ రెండూ తీసి మళ్లీ అతికాడు. నేలా గోడా కలిసే మూలలో మాత్రం సిమెంటు పనికిరాదని సిలికాన్ పెట్టాడు. నేలా గోడా ఒక్కతీరుగా కదలవట, గట్టిది పెడితే మళ్లీ చీలుతుందట. మూడు రోజులు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు. ఆ మూడు రోజులూ పెరట్లో, తడిక చాటున, తల వంచుకునే స్నానం చేశాను.

యాసిడ్ సీసా ఇంట్లోంచి పోయింది. ఇప్పుడు నెలకోసారి చీపురుపుల్ల తీసుకుని, వంగి, సందు సందూ నేనే గుచ్చి చూసుకుంటున్నాను. మా ఆవిడ గడపలో నిలబడి అడుగుతుంది:

"పుల్లలు పెడుతున్నదెవరయ్యా ఇప్పుడు?"