బావ కలిపిన రంగులు

మొన్న శనివారం రాత్రి మా బావ ఇంట్లో హీరో మొహం ఆకుపచ్చగా, ఆకాశం వంకాయ రంగులో వచ్చాయి. గ్రహాంతరవాసుల సినిమా కాదు. ఫైలేమో డాల్బీ విజన్ ప్రొఫైల్ 5. బావ టీవీకి డాల్బీ విజన్ రాదు. ఆ ప్రొఫైల్లో రంగులు మామూలు లెక్కలో రాసి ఉండవు, విప్పడం తెలియని టీవీ తనకు తోచినట్టు చదివేసుకుంటుంది. ఫైలు ఎక్కడ దిగిందని అడక్కండి, నేనూ అడగలేదు.

"దీన్ని మన టీవీకి అర్థమయ్యే హెచ్‌డీఆర్ 10లోకి మార్చాలి బామ్మర్దీ. డైరెక్టరు చూసిన రంగు చూసినట్టు రావాలి" అన్నాడు.

పదకొండింటికి మొదలెట్టాడు. గ్రైండర్లో మినప్పప్పు పోసినట్టు లాప్‌టాప్ ఒకటే మోత. అక్క రెండుసార్లు లేచొచ్చి తిట్టి పడుకుంది. బావ మాత్రం పురాణం విప్పాడు. 8 బిట్లయితే ఒక్కో రంగుకు 256 మెట్లేనట, 10 బిట్లయితే 1024. మెట్లు తక్కువైతే సాయంత్రపు ఆకాశం నిండా చారలేనట. పీక్యూ లెక్కలో ఏ అంకెకు ఎంత వెలుగో 10,000 నిట్ల దాకా ముందే రాసిపెట్టి ఉంటుందట. చిత్రమేమిటంటే, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. పడమటి కిటికీకి పరదా లేదు. పైన ట్యూబ్‌లైటు. హెచ్‌డీఆర్ ప్రమాణం చెప్పే చూపుగదిలో తెర చుట్టూ వెలుగు 5 నిట్లే. ఇక్కడ ఆ గోడ మీద దేవుడి క్యాలెండర్లో తిథులు చదువుకోవచ్చు. టీవీ వివిడ్ మోడ్‌లో ఉంది, అంటే షాపువాడు ఎలా పెట్టి అమ్మాడో అలాగే. సినిమాకు తెలుపంటే 6,500 కెల్విన్లు. వివిడ్ తెలుపు నీలిమందు ఎక్కువైన పంచె. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు టీవీయే మధ్యలో మరికొన్ని పుట్టించి అతికిస్తుంటే, యుద్ధం కాస్తా మధ్యాహ్నం సీరియల్లా జారిపోతోంది.

ఇక టీవీ డబ్బా మీద హెచ్‌డీఆర్ అని బంగారు అక్షరాలు. ఈ రకం టీవీ వెలుగు 300 నిట్ల దగ్గరే ఆయాసపడుతుంది. సినిమాకు రంగులు దిద్దేది 1,000, ఒక్కోసారి 4,000 నిట్ల మానిటర్ మీద. దాన్ని ఇందులో ఇరికించడమంటే పెళ్ళివారందరినీ ఒక్క ఆటో ఎక్కించడమే. ఎవరో దిగాలి. మబ్బుల్లో వివరాలు దిగిపోతాయి, లేదంటే బొమ్మంతా చీకటి పడుతుంది. మరి డబ్బా మీద ఆ ముద్రో? సిగ్నల్ అందుకుంటే చాలు, ముద్ర కొట్టేయొచ్చు. చుట్టాన్ని గుమ్మంలోనే "బాగున్నారా" అని పలకరించి, అన్నం మాటెత్తకుండా సాగనంపే ఇల్లన్నమాట. ఆ ఇంటికి బావ రాత్రంతా పీటలు కడిగాడు.

ఉండబట్టలేక రిమోట్ తీసుకున్నాను. స్కోర్సెసీ, నోలన్ లాంటి దర్శకులు వెనకుండగా 2019లో యూహెచ్‌డీ అలయన్స్ తెచ్చిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఒకటి అదృష్టవశాత్తూ అందులో ఉంది. నొక్కాను. పరదా లేని కిటికీకి నా తువ్వాలు కట్టాను. హీరో మొహం మనిషి మొహంలా మారింది.

"ఛీ, ఏంటిరా, కామెర్లొచ్చినట్టు ఈ పసుపు?" అన్నాడు బావ.

"నువ్వు రాత్రంతా కూర్చుని మార్చిన రంగు ఇదే బావా."

రిమోట్ లాక్కుని మళ్ళీ వివిడ్ పెట్టి, తువ్వాలు పీకేసి, సోఫాలో తృప్తిగా వెనక్కి వాలాడు.

"ఇప్పుడు చూడు. డైరెక్టరు చూసింది ఇదీ."