చిక్కనెత్తురు

(గుంటూరులో ఒక మందుల షాపు. దసరా ముందు సాయంత్రం. కౌంటరుకి అవతల షాపు కుర్రాడు. ఇవతల రిటైర్డు తహసీల్దారు, ఆయన వెనకే వరసలో రిటైర్డు ఫిజిక్సు మాస్టారు. మన ఊళ్ళలో సగం వైద్యం ఈ వరసల్లోనే జరుగుతుంది.)

తహసీల్దారు: ఏమోయ్, ఆ బీపీ బిళ్ళలు ఇంక వద్దు. రక్తం పలచబడే బిళ్ళలు నెలకి సరిపడా కట్టు.

కుర్రాడు: డాక్టరుగారు మార్చారాండీ? చీటీ ఉందా?

తహసీల్దారు: చీటీ ఎందుకు? మా బావమరిది స్టెంటు వేయించుకున్న దగ్గర్నుంచీ అవే మింగుతున్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. నిన్న నా బీపీ 160 బై 100. నెత్తురు చిక్కబడితే ప్రెషరు పెరగదూ?

మాస్టారు: పెరుగుతుంది.

తహసీల్దారు: విన్నావా! ఫిజిక్సు మాస్టారే అంటున్నారు.

మాస్టారు: నా మాట ఇంకా పూర్తి కాలేదండీ. చిక్కదనం రెట్టింపైతే రక్తనాళంలో అడ్డు రెట్టింపవుతుంది. అదే నాళం వ్యాసార్ధం సగమైతే అడ్డు 16 రెట్లవుతుంది. ప్వాజయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లో సన్నటి గాజు గొట్టాల్లో నీళ్ళు పారించి తేల్చిన లెక్క ఇది. అంతకు ముందే, 1828లో, పాదరసం మట్టంతో రక్తపోటు కొలిచిందీ ఆయనే.

తహసీల్దారు: ఫ్రెంచివాడికి మన నెత్తురు సంగతి ఏం తెలుసు?

మాస్టారు: ఎవరి నెత్తురైనా నీళ్ళకంటే మూడు నాలుగు రెట్లు చిక్కగానే ఉంటుంది. మరీ చిక్కబడే జబ్బు నిజంగానే ఉంది, పాలిసైథీమియా అంటారు. ఎర్రకణాలు విపరీతంగా పెరిగిపోతాయి. దానికి మొదటి వైద్యం బిళ్ళ కాదు, సూది గుచ్చి రక్తం తీసెయ్యడం.

తహసీల్దారు: (చెయ్యి వెనక్కి తీసుకుని) అబ్బే, నాది అంత చిక్కన కాదులెండి.

మాస్టారు: పొగ తాగినా ఎర్రకణాలు పెరుగుతాయి.

(తహసీల్దారు చొక్కా జేబులో పొడుగాటిది ఏదో ఉంది. ఆయన దాన్ని పెన్నులా సర్దుకున్నారు.)

తహసీల్దారు: అందుకేగా రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగుతున్నా, పలచబడుతుందని!

మాస్టారు: ఎక్కువైన నీళ్ళని కిడ్నీలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి. అవి మీ ఆఫీసులాంటివి కావు, ఫైలు ఆపవు.

తహసీల్దారు: పోనీ, మా బావమరిది బిళ్ళ సంగతి చెప్పండి.

మాస్టారు: పేరుకే అది రక్తం పలచన చేసే బిళ్ళ. నిజానికి చుక్కంత పలచన కూడా చెయ్యదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టకుండా ఆపుతుంది, అంతే. స్టెంటు ఉన్నాయనకి అది కావాలి. బీపీ 160 పెట్టుకుని మీ అంతట మీరు మింగితే, మెదడులో నాళం చిట్లినప్పుడు నెత్తురు ఓ పట్టాన ఆగదు.

కుర్రాడు: బీపీ బిళ్ళలు ఏం చేస్తాయి మాస్టారూ?

మాస్టారు: నువ్వు అమ్మేవాటిలో కొన్ని నాళాన్ని వదులు చేస్తాయి. వ్యాసార్ధం పదోవంతు పెరిగితే చాలు, అడ్డు దాదాపు మూడోవంతు తగ్గుతుంది. ఇంకొన్ని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తాయి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి, రక్తం చిక్కబడకుండానే పోటెత్తుతుంది. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

తహసీల్దారు: ఆవకాయ కలుపుకుని కూడానా?

మాస్టారు: అప్పడంతో కూడా.

తహసీల్దారు: ఇదేం దారుణమండీ! నెత్తురు తప్పంటే ఒప్పుకుంటా గానీ, ఆవకాయని ఎందుకు లాగుతారు? సరే, ఆ పాత బిళ్ళలే ఇవ్వవోయ్. వాటివల్ల ఒరిగిందేమీ లేదు, అయినా ఇవ్వు.

కుర్రాడు: (కంప్యూటరు చూసి) మీరు ఆఖరిసారి సంక్రాంతికి తీసుకున్నారు సార్, మూడు షీట్లు. నెల రోజులకి.

మాస్టారు: ఇప్పుడు దసరా!

తహసీల్దారు: తల తిరిగిన రోజు వేసుకుంటున్నా. బాగున్న రోజు మందెందుకు, దండగ?

మాస్టారు: బీపీ ఉన్నవాళ్ళలో చాలామందికి తల తిరగదండీ.

తహసీల్దారు: అందుకేగా ఇంకా షీటున్నర మిగిలింది. ఏమోయ్, అవి వాపసు తీసుకుంటావా?