తొమ్మిదెచ్చు పద్యానికి టీకా తాత్పర్యం

కొత్త కారువాడ కొనుమయ్య షాంపును
బంకమట్టి తోడ బకెటు జంట
తొమ్మిదెచ్చు పూత తొలుతనే పూయించు
తుడిచి చూడ మిగులు తుండుగుడ్డ

అవతారిక: కారు కొని ఆర్నెల్లయిన పైఫ్లాటాయన, నిన్ననే టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి బండి తెచ్చుకున్న కిందిఫ్లాటాయనకు సెల్లారులో చేసిన ఉపదేశం ఇది. కవి ఎవరో తెలియదు. కమీషను పుచ్చుకున్న జాడలు మాత్రం పద్యమంతటా ఉన్నాయి.

ప్రతిపదార్థం: కొత్త, కారు, షాంపు సుబోధకాలు. 'కొనుమయ్య'లోని 'అయ్య' గౌరవానికి కాదు, జాలికి. బంకమట్టి అంటే క్లే బారు. కడిగిన బండి మీద అరచెయ్యి ఆనిస్తే గరుకు తగిలినప్పుడే దాని పని. తడి లేకుండా రుద్దితే అదే గీతలు పెడుతుంది. మొదటిరోజే కొత్తవాడి సంచిలోకి అదెందుకో కవినే అడగాలి.

బకెటు జంట: ఒకదానిలో షాంపు నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. ఒక్కటి చాలదా అని పూర్వపక్షం. చాలదు. బండిని రుద్దిన మిట్టును, అంటే చేతికి తొడిగే గుడ్డను, ఉత్త నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపులో ముంచాలి. లేకపోతే బండి మీది ఇసుకను నురగలో కలిపి తిరిగి బండికే రుద్దుతాం. పద్యం మొత్తానికి నిఖార్సయిన మాట ఇదొక్కటే. కాబట్టే కవి దాన్ని పాదం చివర దాచేశాడు.

తొమ్మిదెచ్చు: ఇక్కడ ఆగాలి. కావ్యవ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాల గట్టితనానికి పది మెట్లు కట్టాడు. పదోది వజ్రం, తొమ్మిదోది కురువిందం. సిరామిక్ పూత డబ్బా మీద '9 హెచ్' చూసినవాడు తన బానెట్ వజ్రానికి తమ్ముడైందని మురిసిపోతాడు. ఆ తొమ్మిది మోస్‌ది కాదు, పెన్సిలుది. బడిలో బొమ్మలు గీసినవాళ్లకు హెచ్‌బీ, 2బీ పరిచయమే. ఆ వరుసలో గట్టివైపు కొసన ఉండేది 9 హెచ్. గ్రాఫైటులో బంకమట్టి కలిపి కాల్చి పెన్సిలు ములుకు చేసే పద్ధతికి 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కాంతె పేటెంటు పొందాడు. మట్టి పెరిగేకొద్దీ ములుకు గట్టిపడుతుంది, గీత పలచబడుతుంది. అంటే రెండో పాదంలోని బంకమట్టే మూడో పాదంలో వేషం మార్చుకొని వచ్చిందన్నమాట! ఈ చమత్కారం కవి ఎరిగి చేసింది కాదు. రంగుపొర మీద పెన్సిళ్లను 45 డిగ్రీల వాలులో నెట్టి, దేనికి గీత పడుతుందో చూస్తారు. పరీక్ష బూటకం కాదు. కానీ మన రోడ్ల మీద లేచేది పెన్సిళ్లు కాదు, ఇసుక. అందులోని క్వార్ట్జ్‌ది మోస్ మెట్లలో ఏడు. అది ఏ పెన్సిలు పరీక్షకూ కూర్చోలేదు.

ఇంతకీ తుండుగుడ్డ. మైక్రోఫైబరుదై ఉండాలి, ఉతికేటప్పుడు సువాసన ద్రవం పోయకూడదు, నీళ్లు పీల్చడం మానేస్తుంది. నేల మీద పడ్డది మళ్లీ బండి ముట్టరాదు.

అన్వయం: 'తుడిచి చూడ' దేన్ని? కారునని కొందరు, పర్సునని కొందరు. శ్లేష.

తాత్పర్యం: షాంపు ఒకటి, బకెట్లు రెండు, మిట్టు ఒకటి, గుడ్డలు రెండుమూడు. ఉదయం నీడన కడిగి వెంటనే తుడవాలి, బోరు నీళ్లు ఎండకు ఆరితే తెల్లమచ్చలు కడతాయి. ఇంతే. ఇంతకు మించి ఉపదేశించే మహానుభావుడు అదే సెల్లారులో పొద్దున్నే చూస్తున్నదేమిటి? కడిగే అబ్బాయి ఒక్క బకెట్టు నీళ్లతో, ఒక్క మసిగుడ్డతో వరసగా బళ్లన్నీ తుడుస్తున్నాడు. నల్లకారు మీద ఎండ పడ్డప్పుడు సాలెగూడులా మెరిసే గీతలు అక్కడివే. పూతకు వేలు పోసినవాడు ఆ పిల్లాడికి రెండో బకెట్టు కొనివ్వడు, గీతలకు మాత్రం వాణ్నే తిడతాడు. వాడికి జీతం పెంచమంటే అసోసియేషన్ మీటింగుకే రాడు.

పాఠాంతరం: 'తొలుతనే' బదులు 'తుదకునే' అని ఒక పాఠం. గణం, యతి రెండింటికీ సరిపోతాయి. అన్నీ కడిగి శుభ్రం చేశాకే పూత పూయాలి గనుక రెండోదే సాధువు. షోరూం ప్రతులన్నింటా మాత్రం 'తొలుతనే' ఉంది. బండికి నంబరు ప్లేటు రాకముందే పూత బిల్లు వచ్చేస్తుంది.